నిలబడి ఫోటో దిగిన శవాలు!

కోటూ బూటూ వేసుకున్న కుర్రాడొకడు నిటారుగా నిలబడి ఉంటాడు. కాళ్ల వెనక ఇనుప స్టాండు అడుగు బయటికి కనిపిస్తుంటుంది. ‘విక్టోరియా రాణి కాలంలో శవాల్ని ఇలా నిలబెట్టి ఫోటోలు తీసేవారట’ అంటూ వాట్సాప్‌లో తిరిగే బొమ్మ ఇది. నమ్మకండి. ఆ స్టాండు బతికున్నవాళ్ల కోసం. 1839లో డాగెర్ కనిపెట్టిన ఫోటో పద్ధతి బయటికొచ్చిన కొత్తలో ఒక్క ఫోటోకి నిమిషాల తరబడి బిగుసుకుని ఉండాలి. తల ఊగకుండా మెడ వెనక ఆ స్టాండు కొక్కెం ఆనించేవారు. శవం బరువును అది మోయలేదు. అయినా కదలని శవానికి స్టాండెందుకు?

చనిపోయినవాళ్లకి ఫోటోలు తీయలేదని కాదు, చాలానే తీశారు. బోస్టన్‌లో పేరుమోసిన సౌత్‌వర్త్ అండ్ హాస్ స్టూడియో 1840లలోనే ఈ పనికి ప్రకటనలిచ్చింది. నిద్రపోతున్నట్టే కనిపించేలా తీస్తామన్నది వాళ్ల హామీ. అసలైన ఫోటోల్లో ఎక్కువమంది పడుకునే ఉంటారు: మంచం మీదో, సోఫాలోనో, తల్లి ఒళ్లోనో. వాళ్లలో పసిపిల్లలు చాలామంది. ఎన్నో ఇళ్లలో ఆ బిడ్డకి ఉన్న ఫోటో అదొక్కటే. డాగెర్ పద్ధతిలో తీసిన ఫోటో (డాగెరోటైపు) అంటే వెండి పూసిన రాగిరేకు, దానికి నెగెటివ్ ఉండదు. ఆ రేకు పోతే ముఖం పోయినట్టే.

తెల్లటి, జీవం లేని కళ్లు కనిపిస్తే శవమేనని తీర్మానించేవాళ్లున్నారు. అప్పటి ఫోటో రసాయనాలకి నీలిరంగు దాదాపు తెలుపుగా పడేది. నీలికళ్ల మనిషి బతికుండగానే దెయ్యంలా కనిపించడం అందుకే.

పసివాడి వెనక ముసుగేసిన ఆకారం ఉన్న ఫోటోలదీ ఇదే తంతు. ముసుగులో ఉన్నది తల్లి. బిడ్డ కదలకుండా పట్టుకుని, తాను మాత్రం ఫోటోలో పడకుండా దుప్పటి కప్పుకునేది. చచ్చిన బిడ్డని అలా పట్టుకోవాల్సిన పనేముంది? మన ఇళ్లలో ఈ గొడవే లేదు. ఫోటోకి దండ ఉందా లేదా చూస్తే సరి!

చావకుండానే శవంలా ఫోటో దిగినవాడూ ఉన్నాడు. ఫ్రాన్స్‌లో హిప్పొలైట్ బయార్ సొంతంగా ఒక ఫోటో పద్ధతి కనిపెట్టాడు. సర్కారు మాత్రం డాగెర్‌కి జీవితాంతం పింఛను రాసిచ్చింది. ఒళ్లు మండిన బయార్ 1840లో, నీళ్లలో మునిగి చచ్చినవాడిలా తనను తానే ఫోటో తీసుకుని, వెనక తన గోడు రాశాడు. పోయింది మాత్రం 1887లో.

శవపేటికలో ఉన్న అమెరికా అధ్యక్షుడు లింకన్‌ని 1865 ఏప్రిల్ 24న న్యూయార్క్‌లో జెరిమయా గర్నీ ఫోటో తీశాడు. యుద్ధమంత్రి స్టాంటన్ మండిపడి నెగెటివ్‌లు నాశనం చేయించాడు. ఒక ప్రింటు ఎలాగో మిగిలింది. 1952లో ఇల్లినాయ్ చరిత్ర గ్రంథాలయంలో పాత కాగితాలు తిరగేస్తున్న పద్నాలుగేళ్ల కుర్రాడికి దొరికింది.

వీటన్నిటికంటే కదిలించే కథలో ఫోటో శవానిది కాదు, శవం చేతిలోది. 1863 జులైలో, అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ పోరులో ఒక సైనికుడు చనిపోయాడు. ఒంటిమీద పేరు తెలిపే ఆనవాలేదీ లేదు. చేతిలో మాత్రం ముగ్గురు పిల్లల ఫోటో ఉంది. అప్పటి పత్రికలు ఫోటోలు అచ్చువేయలేవు. అందుకని పిల్లల వయసులు, బట్టల తీరు వర్ణిస్తూ వార్త వేశాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్‌లో ఫిలిండా హ్యూమిస్టన్ అది చదివింది. గెటిస్‌బర్గ్ పోరు తర్వాత ఆమెకి భర్త ఉత్తరం రాలేదు. ఫోటో కాపీ తెప్పించుకుని చూస్తే, తన పిల్లలే. ఆ సైనికుడు సార్జెంట్ ఏమస్ హ్యూమిస్టన్ అని అలా తేలింది. ఆ ఫోటో కాపీలు అమ్మిన డబ్బుతో గెటిస్‌బర్గ్‌లోనే 1866లో సైనికుల అనాథపిల్లలకి ఆశ్రమం తెరిచారు.

అమెరికాలోని మనవాళ్లకో మాట. పాత వస్తువుల దుకాణాల్లో ‘శవం ఫోటో’ అన్న చీటీ తగిలిస్తే ధర పెరుగుతుంది, అందుకే తెగ తగిలిస్తారు. ఫోటో అట్ట తిప్పి చూడండి. వెనక పన్ను స్టాంపు ఉంటే అది 1864 సెప్టెంబరుకీ 1866 ఆగస్టుకీ మధ్య అమ్మిన ఫోటో. అంతర్యుద్ధం ఖర్చుల కోసం ఫోటోల మీద పన్ను వేసిన రోజులవి. శవమో కాదో స్టాంపు చెప్పదు, కాలం మాత్రం చెబుతుంది. చీటీని నమ్మకండి, స్టాంపుని నమ్మండి.