మా చేనుకు సేఫ్టీ ఆఫీసర్ ఎవరు?

పైన వీడియోలో అగ్నిఅస్త్రం కాస్తున్నది మా అమ్మ. చేతులకు గ్లవుజులు, ముక్కుకు గుడ్డ, పొయ్యి ఆరుబయట. "ప్రకృతి వ్యవసాయంలో కూడా ఇవన్నీ ఎందుకమ్మా?" అని చూసినవాళ్ళు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

మాది గుంటూరు జిల్లాలో పత్తి, మిర్చి పండే ఊరు. నేను విశాఖలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎమ్మెస్సీ చదివి, 2018లో ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమాలో చేరాను. "అంటే ఏం చదువు?" అని నాన్న అడిగితే, "ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి పొద్దున ఎట్లా వెళ్ళాడో సాయంత్రం అట్లాగే ఇంటికి రావాలి, ఫ్యాక్టరీ నీళ్ళూ పొగా పక్క ఊరిని పాడు చెయ్యకూడదు, అది చూసే చదువు నాన్నా" అని చెప్పాను.

క్లాసులో మొదట చెప్పింది భోపాల్ గురించి. 1984 డిసెంబరు 2 రాత్రి లీకైన మిథైల్ ఐసోసయనేట్ దేనికి వాడేవారో తెలుసా? సెవిన్ అనే పురుగుమందు తయారీకి. ఆ ఘోరం తర్వాతే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1987లో ప్రమాదకర పరిశ్రమల కోసం కొత్త అధ్యాయం చేర్చారు. వెయ్యి మంది, ఆపైన పనిచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని కూడా అప్పట్లో ఆ చట్టంలోనే ఉండేది. నోట్సు రాసుకుంటుంటే నాకొకటి తట్టింది. పురుగుమందు ఫ్యాక్టరీ గేటు లోపల ఉన్నంతసేపు దానికి ఇన్ని కాపలాలు. అదే డబ్బా గేటు దాటి మా చేలోకి వచ్చాక కాపలా ఎవరు?

ఆ దసరాకు మాకొక పని ఇచ్చారు. ఏదైనా పనిచేసే చోటుకు వెళ్ళి, అక్కడున్న ప్రమాదాలు రాసి, ఒక్కొక్కదానికి మార్కులు వెయ్యాలి. జరిగే అవకాశానికి 5, జరిగితే నష్టానికి 5, రెండూ గుణిస్తే 25. నేను జిన్నింగ్ మిల్లు అనుకున్నా. మా సారు మాత్రం, "మీ నాన్న చేను పనిచేసే చోటు కాదా?" అన్నారు.

ఇంటికెళ్ళి గట్టు మీద కూర్చుని రాశాను. నాన్న లుంగీ ఎగ్గట్టి, మూతికి తువ్వాలు చుట్టి పత్తికి మందు కొడుతున్నాడు. కలపడం చేత్తో. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం. గాలికి ఎదురు నడక. మధ్యలో ఆ చేతులతోనే బీడీ. డబ్బా మీద ఎర్ర త్రికోణం. ఎరుపు అంటే అత్యంత విషం, పసుపు దాని తర్వాత, ఆపైన నీలం, ఆకుపచ్చ. ముప్పై ఏళ్ళు మందు కొట్టిన మా నాన్నకు ఆ రంగుల అర్థం తెలీదు. ఎరువుల కొట్టులో ఎవరూ చెప్పలేదు, నాన్న అడగలేదు.

నేను 20 మార్కులు వేశాను. నాన్న నవ్వాడు. "ముప్పై ఏళ్ళ నుంచి కొడుతున్నా, నాకేమైంది?"

నాలుగో రోజు మా చేలో మందు కొడుతున్న బాబాయి గట్టు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, నోటి వెంట చొంగ, చూపు మసక. అందరూ వడదెబ్బ అని మజ్జిగ పట్టబోయారు. కంటిపాపలు చూశాను, సూది మొనంత ఉన్నాయి. వద్దని ఆపి, చొక్కా విప్పించి, ఒళ్ళు సబ్బుతో కడిగించి, మందు డబ్బా కూడా వెంట తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. డబ్బా చూశాక డాక్టరు గారికి ఏం ఇవ్వాలో వెంటనే తెలిసింది. బాబాయి బతికాడు. అంతకు ముందు ఏడాదే, 2017లో, మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. అక్కడిదీ పత్తి చేనే, ఇక్కడిదీ పత్తి చేనే.

ఆ రాత్రి నాన్న, "నేను పంపితే వెళ్ళాడు" అని ఒక్క మాటన్నాడు. అన్నం తినలేదు.

నేను విశాఖ నుంచి రబ్బరు కోటు, మాస్కు, గ్లవుజులు కొనుక్కొచ్చాను. ఆ ఎండలో నాన్న పది నిమిషాలు తొడుక్కుని విప్పేశాడు. తప్పు నాన్నది కాదు. మా చదువులో ప్రమాదాన్ని తగ్గించే మెట్లు ఐదు. మొదటిది ప్రమాదాన్నే తీసెయ్యడం. రెండోది దాని బదులు ఇంకోటి వాడటం. మూడు, మనిషికీ దానికీ మధ్య అడ్డు పెట్టడం. నాలుగు, పని పద్ధతి మార్చడం. ఒంటికి తొడుక్కోవడం అన్నిటికన్నా ఆఖరుది, అన్నిటికన్నా బలహీనమైంది. నేను ఆఖరి మెట్టు నుంచి మొదలుపెట్టాను.

2019 ఖరీఫ్‌లో అర ఎకరంతో మొదటి మెట్టు ఎక్కాం. రైతు సాధికార సంస్థ తరఫున మా ఊరికి వచ్చే సీఆర్పీ అక్క ఘనజీవామృతం, నీమాస్త్రం దగ్గరుండి నేర్పింది. మొదటి ఏడాది దిగుబడి తగ్గింది, నాన్న సణిగాడు. కానీ ఆ అర ఎకరంలోకి కూలీలు భయపడకుండా దిగారు. నాలుగేళ్ళకు చేనంతా మారింది.

ఇక్కడితో కథ ముగిస్తే బాగుండేది. 2022లో ఒక సాయంత్రం అమ్మకు వాంతులు, తల తిరుగుడు, చేతులు వణుకు. ఆ పొద్దున అగ్నిఅస్త్రానికి పొగాకు దంచింది, వట్టి చేతులతో, గోమూత్రంలో తడిపి మరీ. పొగాకులో ఉండే నికోటిన్ తడి చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. మందు మానేశాం కదా అని ఇంట్లో ఎవరం ఆ మాట అనుకోలేదు. చదువుకున్న నేను కూడా! ప్రకృతిలో దొరికింది కాబట్టి ఏం చెయ్యదు అనే ధీమా, "ముప్పై ఏళ్ళ నుంచి కొడుతున్నా" అన్న ధీమా, రెండూ ఒకటే.

ఈసారి మళ్ళీ గట్టు మీద కూర్చుని ఐదు మెట్లూ మన పద్ధతికే రాశాను. ఇప్పుడు మా చేలో పాటిస్తున్నవి ఇవి:

ఒకటి. రసం పీల్చే పురుగులు, చిన్న లద్దె పురుగులకు ముందు నీమాస్త్రమే. పొగాకు, మిర్చి, మరిగించడం ఏవీ అక్కర్లేదు. కాయతొలుచు పురుగు వచ్చి తప్పకపోతేనే అగ్నిఅస్త్రం.

రెండు. కాసేది ఆరుబయటే, గాలి మన వీపు వైపు నుంచి వచ్చేట్టు. మిర్చి ఘాటు కొట్టంలో నిండితే ఊపిరాడదు. పొగాకు ముట్టుకుంటే గ్లవుజులు ఉండాలి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు, పిల్లలు ఆ దరిదాపులకు రాకూడదు.

మూడు. దశపర్ణి కషాయంలో ఉమ్మెత్త పడుతుంది, అది విషం. కూల్‌డ్రింక్ సీసాల్లో ఏ కషాయమూ పొయ్యొద్దు. డబ్బా మీద పేరు, కాసిన తేదీ రాసి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

నాలుగు. గోబర్ గ్యాస్ గుంతలో, పాడుబడ్డ బావిలో విషవాయువు ఉంటుంది. ఒకడు లోపల పడిపోతే తియ్యడానికి ఇంకొకడు దిగొద్దు. రెండో ప్రాణం పోయేది అట్లాగే. తాడు వేసి పైనుంచే లాగాలి, 101కి ఫోన్ చెయ్యాలి.

ఐదు. పేడలో, మట్టిలో పనిచేసేవాళ్ళు టెటనస్ ఇంజక్షన్ వేయించుకోవాలి. చేతికి గాయం ఉంటే జీవామృతం కలపొద్దు.

ఆరు. అన్నీ పుస్తకంలో రాయండి. ఏ రోజు ఏం కొట్టాం, ఎవరు కొట్టారు, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా. ఫ్యాక్టరీ తనిఖీలో ఒక మాట ఉంది, రాయనిది జరగనట్టే లెక్క. పీజీఎస్ సర్టిఫికెట్ కోసం తోటి రైతులు మన చేను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఆ పుస్తకమే మన తరఫున మాట్లాడుతుంది.

ఇప్పుడు ఆ పుస్తకం నాన్న రాస్తున్నాడు. బాబాయి మాకు కూలీగా కాదు, పక్కన రెండెకరాలు కౌలుకు తీసుకుని మాతోపాటే ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాడు. పోయిన నెల నేను గ్లవుజులు లేకుండా పొగాకు కట్ట పట్టుకుంటే, "అమ్మాయ్, నీ చదువు ఏమైంది?" అని అరిచింది ఆయనే.

మీ చేలో సేఫ్టీ ఆఫీసర్ ఎవరో ఈ రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. వీడియో చివర్లో మా పుస్తకం పేజీలు చూపించాను, అట్లాగే గీసుకోవచ్చు. మీ దగ్గర ఇలాంటి అనుభవం జరిగి ఉంటే కింద రాయండి, ఇంకో రైతుకు పనికొస్తుంది.