ఉద్యోగం మానుకుని సముద్రం దాటాలా? కోనసీమ దళితుల ముందున్న లెక్క

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల దళితపేటల్లో ఏ అరుగుమీద కూర్చున్నా ఒక ప్రశ్న వినబడుతుంది. "ఉన్న ఉద్యోగం మానేసి కువైటు వెళ్ళిపోతే ఎలా ఉంటదండీ?" పనిలేనివాళ్ళు పనికోసం పోవడం గురించి చాలామంది రాశారు. ఇది వేరే ప్రశ్న. అడుగుతున్నది అంగన్‌వాడీ కార్యకర్త, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, కాన్వెంటు బడిలో పంతులు, ఔట్‌సోర్సింగు మీద పనిచేసే కుర్రాడు, ఒక్కోసారి పర్మినెంటు టీచరు కూడా. నెలకింత అని చేతికొచ్చే జీతం వదులుకోవాలా వద్దా అన్నది వీళ్ళ సమస్య. దీన్ని మేము ఇక్కడ విడమరచి చెప్పదలచుకున్నాం.

ఈ ప్రశ్నకి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి ఊళ్ళో పెద్దలది: ఉన్న ఊరు కన్నతల్లి, పరాయిదేశం పోయి పాచిపని చేయడమేంటి అని. రెండోది ఏజెంటుది: రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే మేడ లేస్తుంది అని. రెండూ మనవి కావు. ఊరు కన్నతల్లి అనే సామెత ఊరిది, పేటది కాదు. 2022లో కొత్త జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టాలన్నందుకు మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లూ, ఒక ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. పేరునే భరించలేని చోట మనుషుల్ని కన్నతల్లిలా చూసుకున్నారని ఎలా నమ్మాలి? ఇక ఏజెంటు చెప్పే మేడ మాట. దాని పునాదిలో ఎంత వడ్డీ ఉందో అతను చెప్పడు.

పాలేరుతనం నుంచి ఉద్యోగం దాకా

మన పేటలకి వలస కొత్తకాదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. డెల్టా పచ్చబడింది. ఆ పచ్చదనం భూమి ఉన్నవాడికి దక్కింది, దళితుడికి పాలేరుతనం మిగిలింది. దాన్నుంచి తప్పించుకోడానికి మనవాళ్ళు రంగం, అంటే రంగూను, పోయారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీదే బర్మాలో తెలుగు కూలీల్ని కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో రంగూను రేవు పని దగ్గర తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య ఘర్షణలు చెలరేగాయి. 1942లో జపాను సైన్యం వచ్చేసరికి వేలాదిమంది అడవుల వెంబడి నడిచి తిరిగొచ్చారు, దారిలో ఎందరో చచ్చిపోయారు. కష్టపడిన చోట ఏ హక్కూ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఈ చరిత్ర చాలు.

రెండో దారి చదువు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న రాసిన 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద అధికారి అవుతాడు. ఆ నాటకం ఊరూరా ఆడటంలో ఆశ్చర్యం లేదు. మన తాతల తరం ఉద్యోగాన్ని జీతం రాళ్ళుగా చూడలేదు. కామందు గుమ్మం ఎక్కనక్కర్లేని బతుకు అనుకున్నారు. ఉద్యోగస్తుడు ఒకడుంటే పేటలో పదిమందికి అర్జీ రాసే చెయ్యి, పోలీసు స్టేషనులో నిలబడి మాట్లాడే నోరు ఉన్నట్టు. అందుకే అగ్రవర్ణ కుటుంబంలో ఒకడు ఉద్యోగం మానడం, దళిత కుటుంబంలో ఒకడు మానడం ఒకటి కావు. వాళ్ళకి వెనకాల పొలం ఉంది, కొబ్బరితోట ఉంది. మనకి ఉద్యోగమే పొలం.

అంబేద్కర్ రెండుసార్లు వదిలిన ఉద్యోగం

అలాగని ఉద్యోగాన్ని పట్టుకు వేలాడటమే వివేకమని మేము అనడం లేదు. బాబాసాహెబ్ జీవితంలోనే దీనికి రెండు ఉదాహరణలున్నాయి. కొలంబియాలో బరోడా మహారాజు స్కాలర్‌షిప్పు మీద చదువుకుని, ఒప్పందం ప్రకారం 1917లో ఆయన బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఉండటానికి ఊళ్ళో గది దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఉద్యోగం వదిలి బొంబాయి వెళ్ళిపోవలసి వచ్చింది. జీతం స్థిరంగా ఉన్నా మనిషికి నిలువనీడ లేకపోతే అది స్థిరమైన ఉద్యోగం కాదు.

రెండోది మరీ ముఖ్యం. 1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆయన ప్రొఫెసరయ్యారు, నెలకి 450 రూపాయలు. ఆరోజుల్లో అది పెద్ద జీతం. 1920లో దాన్ని వదిలి లండను పోయారు. కొంత తాను కూడబెట్టింది, కొంత కొల్హాపూరు సాహు మహారాజు సాయం, కొంత స్నేహితుడిచ్చిన అప్పు. బారిష్టరై 1923లో తిరిగొచ్చారు, అదే ఏడాది లండన్ యూనివర్సిటీ డి.ఎస్‌సి. కూడా దక్కింది. ఇందులో గమనించవలసినవి మూడు. ఒకటి, ఆయన తెచ్చుకున్నది ఎవడూ లాక్కోలేనిది. రెండు, అప్పు చేసింది స్నేహితుడి దగ్గర, వడ్డీవ్యాపారి దగ్గర కాదు. మూడు, ఆ మూడేళ్ళూ ఇంటి బరువు మోసింది రమాబాయి. వదిలివెళ్ళేవాళ్ళ ధైర్యం గురించి మాట్లాడేటప్పుడు ఇంట్లో మిగిలినవాళ్ళ ఖర్చు కూడా లెక్కలో రాయాలి. కోనసీమలో తరచుగా వెళ్ళేది ఆడవాళ్ళు. కాబట్టి ఆ ఖర్చు పిల్లలమీదా, ముసలి అమ్మమ్మలమీదా పడుతోంది.

ఒక అంగన్‌వాడీ కార్యకర్త లెక్క

మాటలకంటే లెక్క మేలు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్త గౌరవవేతనం 2019లో 11,500 రూపాయలు చేశారు. జీతం అనరు, గౌరవవేతనం అంటారు. పెంచమని 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు. ఇదే మనిషి కువైటులో ఇంటిపనికి, అక్కడి మాటలో ఖద్దామాగా, వెళ్ళాలనుకుందని అనుకుందాం. కువైటు 2015లో ఇంటిపనివాళ్ళకి చట్టం చేసింది, 2016లో కనీస జీతం 60 దినార్లని నిర్ణయించింది. లెక్కకోసం దినారు 280 రూపాయలనుకుంటే 16,800. ఇక్కడికంటే 5,300 ఎక్కువ. ప్రయాణానికి లక్ష రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిందనుకుందాం. వడ్డీయే నెలకి 3,000. మిగిలేది 2,300. రెండేళ్ళ కాంట్రాక్టు పూర్తయ్యేసరికి కూడబెట్టింది 55,200. అంటే అసలు కూడా తీరదు.

అదే కాంట్రాక్టు కాగితం మీద 100 దినార్లుంటే? 28,000 వస్తుంది, తేడా 16,500. వడ్డీ పోగా 13,500 మిగులుతుంది. ఎనిమిదో నెలకి అప్పు తీరిపోతుంది. తిండి, వసతి యజమానివే కాబట్టి ఇంకాస్త మిగలొచ్చు. ఇక్కడ పిల్లల్ని చూసినవాళ్ళకి ఇవ్వవలసింది అందులోంచి తీసెయ్యాలి. కాబట్టి కువైటు మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు. కాగితం మీద ఎంత రాశారు, అప్పు ఎంత వడ్డీకి తెచ్చాం, ఈ రెండూ తేల్చనిదే గుమ్మం దాటకూడదు. మనదేశంలో లైసెన్సున్న రిక్రూటింగు ఏజెంటు తీసుకోదగిన రుసుం 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. అంతకుమించి అడిగేవాడు చట్టం బయట ఉన్నవాడు.

ఇక డబ్బుకి అందని లెక్క. అంగన్‌వాడీ కార్యకర్తలు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. మానేస్తే ఆ పోస్టు మరొకరికి పోతుంది. ఎంపిక వయసు 21 నుంచి 35 లోపు. నాలుగేళ్ళు తిరిగొచ్చేసరికి తలుపు మూసేసి ఉండొచ్చు. కువైటు చట్టంలోనూ ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చివర్లో ఇవ్వాలని, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని ఉంది. కానీ అక్కడ చట్టాన్ని అడగాలంటే ముందు యజమాని ఇల్లు దాటాలి. వీసా కఫీల్ పేరుమీద ఉంటుంది. అతను పారిపోయిందని కేసు పెడితే బాధితురాలే నేరస్తురాలవుతుంది. 2018, 2020, 2024లలో కువైటు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మాత్రమే కదిలి రాగలిగిన మనవాళ్ళు ఎంతోమంది. మగవాళ్ళ కంపెనీ పనుల్లోనూ భద్రత అంతంతే. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల భవనం తగలబడి నలభైమందికి పైగా భారతీయులు చచ్చిపోయారు, వాళ్ళలో ముగ్గురు మన రాష్ట్రంవాళ్ళు.

చదువు, పాస్‌పోర్టు

ఇంకో తిరకాసు చాలామందికి తెలీదు. 1983 వలస చట్టం కింద పదో తరగతి పాసవ్వనివాళ్ళు గల్ఫు దేశాలకి పనికి పోవాలంటే ప్రభుత్వ క్లియరెన్సు కావాలి. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి. 2016 నుంచి వాళ్ళని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. మన రాష్ట్రంలో ఆ పనికి ఓంక్యాప్ అనే సంస్థ ఉంది. క్లియరెన్సుతో పోయేవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు, ప్రీమియం రెండేళ్ళకి 275 రూపాయలు. పదో తరగతి పాసైతే ఈ క్లియరెన్సు అక్కర్లేదు. అంటే అంగన్‌వాడీ కార్యకర్త పాస్‌పోర్టు తీసుకుని నేరుగా విమానం ఎక్కెయ్యొచ్చు, ఎవరూ కాంట్రాక్టు చూడరు. మనం చెమటోడ్చి చదువుకున్న పదో తరగతే ఆ కాస్త రక్షణనీ తీసేస్తోంది. నర్సుల విషయంలో మాత్రం చదువుతో నిమిత్తం లేకుండా 2015లో క్లియరెన్సు తప్పనిసరి చేశారు. చదువున్నా లేకున్నా కాంట్రాక్టు రాయించుకుని, దాని నకలు ఇంట్లో ఒకటి పెట్టి వెళ్ళడం మన చేతిలో పని.

పర్మినెంటు ఉద్యోగస్తుడి మాట

ప్రభుత్వ టీచర్లు, గుమాస్తాలు చేసే పెద్ద పొరపాటు రాజీనామా ఇవ్వడమో, చెప్పాపెట్టకుండా పోవడమో. రాజీనామాతో అంతకుముందు చేసిన సర్వీసు పెన్షనుకి లెక్కలోకి రాకుండా పోతుంది. విదేశంలో ఉద్యోగానికి మొత్తం సర్వీసులో ఐదేళ్ళ దాకా జీతంలేని సెలవు ఇచ్చే ఉత్తర్వులు మన రాష్ట్రంలో 1996 నుంచి ఉన్నాయి. అడిగి, మంజూరు కాగితం చేతికొచ్చాకే కదలాలి. 2007 సవరణ ప్రకారం అనుమతి లేకుండా ఏడాది దాటి గైరుహాజరైతే రాజీనామా చేసినట్టే లెక్క. ఇంకో సంగతి: సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం అడిగే అవకాశముంది. మానేసినవాడి ఇంటికి ఆ అవకాశమూ పోతుంది.

కులం సముద్రం దాటుతుంది, రిజర్వేషను దాటదు

చదువుకున్న కుర్రాళ్ళు అమెరికా పోతే కులం పీడ విరగడవుతుందనుకుంటారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ ఒకటి, దళిత ఇంజనీరు పట్ల కులవివక్ష జరిగిందని సిస్కో కంపెనీమీద దావా వేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లునే వీటో చేశాడు. కులం మనవాళ్ళ సూట్‌కేసుల్లోనే విమానం ఎక్కింది. 16వ అధికరణం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. అయినా అక్కడ కామందు లేడు, పేట లేదు. చేసిన పనికి జీతం, అడ్డంలేని బజారు ఉన్నాయి. ఆ స్వేచ్ఛకి విలువ కట్టకుండా పోవద్దనడం కూడా అన్యాయమే.

కాబట్టి మేము చెప్పేదిది. జీతాన్ని జీతంతో పోల్చి నిర్ణయించకండి. ఇక్కడి ఉద్యోగంలో ఉన్న హక్కులు ఏవి, అక్కడికి మీతో వచ్చేవి ఏవి, తిరిగొచ్చాక మళ్ళీ దొరికేవి ఏవి అని మూడు వరసలుగా రాసుకోండి. దళితుడికి ఆస్తి అంటే ఇంతవరకూ హక్కులే. పెన్షనూ గ్రాట్యుటీ ఉన్న ఉద్యోగాన్ని సెలవు లేకుండా తెంచుకోవద్దు. ఏ హక్కూ లేని ప్రైవేటు కొలువు అయితే, అప్పు లేకుండా కుదిరితే, కాంట్రాక్టు గట్టిగా ఉంటే నిస్సంకోచంగా పోవచ్చు. పంపిన డబ్బుతో మొదట వడ్డీ అప్పు, తరవాత వెళ్ళిన ఆడమనిషి పేరుమీదే సెంటు భూమి, ఆ తరవాతే మేడ.

ఇది ఒక్కొక్క కుటుంబం ఒంటరిగా తేల్చుకోవలసిన సంగతిగా మిగలకూడదు. దళిత సంఘాలు, టీచర్ల యూనియన్లు, అంగన్‌వాడీ సంఘాలు పేటపేటకీ ఒక మనిషిని పెట్టి వెళ్ళేవాళ్ళ కాంట్రాక్టు చదివించాలి, ఏజెంటు లైసెన్సు చూడాలి. అమలాపురంలోనే సలహా కేంద్రం పెట్టమని ప్రభుత్వాన్ని అడగాలి. పదో తరగతి పాసైన ఇంటిపనివాళ్ళకీ రక్షణ, బీమా వర్తింపజేయమని పోరాడాలి. అన్నిటికంటే ముందు, పదకొండు వేల ఐదొందల గౌరవవేతనాన్ని జీతంగా మార్చమనే పోరాటంలో నిలబడాలి. ఇక్కడి ఉద్యోగం మనిషిని బతికించగలిగితే, పోవాలా వద్దా అన్నది అప్పుడు నిజంగా మన ఇష్టమవుతుంది.