గోడలు దాటు తరంగములు

ఇంటిలోని వై-ఫై పెట్టెనుండి వెలువడు రేడియో తరంగములు గోడలు దాటి వీధిలోనికి ప్రసరించును. వీధితలుపునకు వేసిన తాళము వానిని ఆపలేదు. సందేశమునే రహస్యలిపిలోనికి మార్చవలెను. 1997లో వచ్చిన 'వెప్' పద్ధతిలోని లోపమును 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ బయటపెట్టిరి. 2004లో వచ్చిన డబ్ల్యుపిఎ-2 చాల మెరుగైనది. కాని దానిలోను ఒక చిక్కు కలదు. ఫోను పెట్టెతో కలియునప్పటి సంకేతములను పట్టుకొన్నవాడు, పాస్‌వర్డును తన కంప్యూటరుపై తీరికగా ఊహించి సరిచూచుకొనగలడు.

ఎనిమిది అంకెలతో పది కోట్ల పాస్‌వర్డులు ఏర్పడును. ఆ అంకెలు పుట్టినతేదీ యైనచో, నూరేండ్లలోని తేదీలు సుమారు 36,500 మాత్రమే! కంప్యూటరు వానిని నిమిషములలో పరీక్షింపగలదు. 2018లో వచ్చిన డబ్ల్యుపిఎ-3లో ప్రతి ఊహను పెట్టెతోనే సరిచూచుకొనవలెను. అది లేనివారు ఒకదానికొకటి సంబంధములేని నాలుగైదు మాటలను కూర్చి పొడవైన పాస్‌వర్డు పెట్టుకొనుట మేలు.