చేటలో మిగిలిన 22 గింజలు

"సార్, గామా కిరణం అద్దాన్నీ లెన్సునూ దూసుకుని పోతుందన్నారు. మరి టెలిస్కోపు దాన్నెలా పడుతుంది?" ఇంటర్ క్లాసులో ఒకమ్మాయి అడిగింది. నాకు వెంటనే ఎక్స్‌ప్లోరర్-11 గుర్తొచ్చింది. 1961 ఏప్రిల్‌లో అమెరికా పంపిన 37 కిలోల ఉపగ్రహం అది. ఎం.ఐ.టి.కి చెందిన విలియం క్రౌషార్, జార్జ్ క్లార్క్ దాని టెలిస్కోపును తయారుచేశారు. అందులో అద్దం లేదు, లెన్సు లేదు. అది చేసే పనల్లా చేటతో చెరగడమే.

అంతరిక్షంలో విద్యుదావేశమున్న కణాల వాన, అంటే కాస్మిక్ కిరణాలు, ఎడతెరిపి లేకుండా కురుస్తుంది. ఆ పొట్టులోంచి గామా గింజను ఏరాలి. టెలిస్కోపు నడుమ సోడియం అయొడైడ్, సీసియం అయొడైడ్ పలకలను ఒకదానిమీదొకటి పేర్చారు. గామా కిరణం వాటికి తగిలితే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుతుంది. ఆ జంట సాగే దారిలో పలకలు మెరుస్తాయి. కింద సెరెంకోవ్ గొట్టం ఉంది. ముందు వైపు నుంచి మహావేగంతో వచ్చిన కణాలకే అది స్పందిస్తుంది. మొత్తానికి పైన టోపీలా ప్లాస్టిక్ తొడుగు. ఆవేశమున్న కణం ఏది దూరినా ఆ తొడుగు ముందే మెరుస్తుంది. ఆవేశం లేని గామా మాత్రం చడీచప్పుడూ లేకుండా దాటిపోతుంది. ఇక షరతు ఇది: పలకలు మెరవాలి, సెరెంకోవ్ గొట్టం మెరవాలి, ప్లాస్టిక్ మెరవకూడదు.

నాకు ముచ్చటేసేది ఆ మూడో షరతు. మెరుపు లేకపోవడమే ఇక్కడ సాక్ష్యం! న్యూట్రాన్‌కూ ఆవేశం లేదు కాబట్టి అదీ దొంగచాటుగా రావచ్చు. అందుకే రెండు రకాల పలకలు. ఒకదాని మెరుపు చటుక్కున ఆరిపోతుంది, రెండోదానిది కాసేపు నిలుస్తుంది. రెండు తీర్ల మెరుపూ కలిసి కనిపిస్తేనే లెక్కలోకి తీసుకుంటారు.

ఉపగ్రహానికి గురిపెట్టే ఏర్పాటు లేదు. పల్టీలు కొడుతూనే ఆకాశమంతా జల్లెడ పట్టింది. భూమివైపు నుంచి వచ్చినవి మన వాతావరణంలో పుట్టిన గామాలు కాబట్టి వాటినీ పక్కన పెట్టారు. టేప్ రికార్డరు తొందరగానే మూలపడింది. నేలమీది కేంద్రాలకు సంకేతం అందే వేళల్లోని సమాచారమే దక్కింది.

తొలి ఫలితాల్లో తేలినవి 22 గామాలు. కాస్మిక్ కిరణాల తాకిళ్లు సుమారు 22,000! పదార్థం, ప్రతిపదార్థం విశ్వంలో సమానంగా నిత్యం పుడుతున్నాయని అప్పట్లో ఒక ఊహ ఉండేది. అదే నిజమైతే అవి ఢీకొని ఇంతకు ఎన్నో రెట్ల గామాలు రావాలి. రాలేదు. ఆ గుప్పెడు గింజల ముందు ఆ ఊహ నిలవలేదు.

తర్వాత ఓఎస్ఓ-3 ఉపగ్రహం 621 గామాలు పట్టి, పాలపుంత వెంట అవి దట్టంగా ఉన్నాయని చూపింది. 2008లో ఎగిరిన ఫెర్మి టెలిస్కోపుకూ కాపలా ప్లాస్టిక్ పలకలే, 89.

బోర్డు తుడవబోతుంటే ఆ అమ్మాయి మళ్లీ చేయెత్తింది. "ప్లాస్టిక్ తొడుగు చెడిపోతే సార్?"

అప్పుడు పొట్టు కూడా గింజలాగే కనిపిస్తుందమ్మా.