మామిడి పండును ఇంట్లో కడగడం, కోయడం

మే నెలలో విజయవాడ ఇళ్ళకు మామిడి పండ్లు బుట్టలతో వస్తాయి. నున్న మార్కెట్ నుంచి కొన్ని, నూజివీడు తోటల నుంచి నేరుగా కొన్ని. తొక్క తీసి తినే పండును కడగడం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఈ భాగంలో దానికి కారణం తెలుసుకుందాం.

మట్టి, సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది తొక్కమీదే. కడగని పండును కోస్తే కత్తి వాటిని గుజ్జులోకి తీసుకుపోతుంది. ఈ మధ్య మన దుకాణాలలో కనిపిస్తున్న అవకాడోకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. రసాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటిని కొయ్యకుండా, పిసికి, నోటితోనే జుర్రుకుంటాం కాబట్టి తొక్క నేరుగా పెదవులకు తగులుతుంది.

ముచ్చిక దగ్గర కారే సొన సంగతి కూడా గమనించండి. మామిడి, జీడిమామిడి రెండూ అనకార్డియేసి కుటుంబానికి చెందినవి. మామిడి సొన తగిలితే కొందరికి పెదవుల చుట్టూ దద్దుర్లు, పొక్కులు వస్తాయి. పిల్లలకు మామిడి పండు "వేడి చేసింది" అని మనం సరిపెట్టుకునే పొక్కులలో కొన్ని నిజానికి సొన వల్ల వచ్చినవే. ముచ్చిక తీసి మొదటి చుక్కలు పిండి పారబోసే పెద్దల అలవాటు చాలా మంచిది.

పండ్లను బకెట్ నీళ్ళలో నానబెట్టడం కూడా మన ఇళ్ళలో ఉన్నదే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎండలో కాగిన పండును చల్లని నీటిలో వేస్తే, పండు లోపలి గాలి సంకోచించి, ముచ్చిక గుండా కొంత నీటిని లోపలికి లాగుతుంది. ఆ నీరు మురికిదైతే తరువాత ఎంత కడిగినా ప్రయోజనం ఉండదు. 1999లో అమెరికాలో మామిడి పండ్ల వల్ల సాల్మొనెల్లా వ్యాధి వ్యాపించింది. బ్రెజిల్‌లో ఈగల నివారణకు ఆ పండ్లను వేడి నీటిలో ముంచి, తరువాత చల్లని నీటిలో వేశారు. ఆ నీటి ద్వారానే సూక్ష్మజీవులు లోపలికి చేరి ఉంటాయని పరిశోధకులు భావించారు. కాబట్టి బుట్టను ముందు నీడలో పెట్టి పండ్లు చల్లబడనివ్వండి. నానబెట్టాలనుకుంటే తాగే నీటినే వాడండి. తరువాత కుళాయి ధార కింద చేతితో రుద్ది కడిగి, పొడి గుడ్డతో తుడిచి, అప్పుడు కోయండి. సబ్బు వాడకూడదు. కోసిన ముక్కలు రెండు గంటలలోపు తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి.

కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం మన దేశంలో నిషిద్ధం. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉండవచ్చు. తొక్కమీద బూడిద రంగు పొడి, వెల్లుల్లి వంటి వాసన ఉంటే ఆ పండ్లు కొనకండి. డెల్టా గ్రామాలలో వరిగడ్డికి కొదవ లేదు. పక్వానికి వచ్చిన కాయలను గడ్డిలో మాగవేస్తే, కాయలు తామే విడుదల చేసే ఎథిలీన్ వల్ల కొద్ది రోజులలో పండుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఎండలో నుంచి తెచ్చిన మామిడి పండ్లను వెంటనే చల్లని నీటిలో ఎందుకు వేయకూడదు?