చించిల్లా కుందేలు పిల్ల మేత మానినచో

చించిల్లా అను పేరు రెండు జంతువులకు వాడుకలో నున్నది. మొదటిది దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములయందు, చల్లని పొడి ప్రదేశములలో నివసించు ఎలుకజాతి జంతువు. దాని మెత్తని దట్టమైన బొచ్చుకొరకు వేటగాండ్రు విచ్చలవిడిగా చంపుటచే ఆ జాతి నశించు స్థితికి వచ్చెను. అందుచే 1910లో చిలీ, బొలీవియా, పెరూ, అర్జెంటీనా దేశములు వేటను నిషేధించుచు ఒడంబడిక చేసికొనెను. 1923లో మాథియాస్ చాప్‌మన్ అను గని ఇంజనీరు 11 చించిల్లాలను అమెరికా సంయుక్త రాష్ట్రములకు తీసికొనిపోయెను. నేడు ఇండ్లలో పెరుగు చించిల్లాలలో పెక్కు వాని సంతతియే.

రెండవది చించిల్లా కుందేలు. దీని బొచ్చు ఆ కొండ జంతువు బొచ్చువలె బూడిద వన్నెలో నుండుటచే ఆ పేరు వచ్చినది. ఈ కుందేలును మొదట ఫ్రాన్సులో రూపొందించిరి. రష్యాలో దీనినుండి పుట్టించిన 'సోవియట్ చించిల్లా' అను పెద్ద రకము మన దేశములోని కుందేళ్ళ పెంపక కేంద్రములలో ప్రసిద్ధము.

కొండ చించిల్లా 25 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిని, అందులో ఉక్కతో కూడిన వేడిని, ఓర్వలేదు. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలో వేసవియందు 40 డిగ్రీలు దాటు దినములు కలవు. కావున ఈ సీమలో పిల్లలు ముచ్చటపడి పెంచుకొనదగినది కుందేలే. వర్గీకరణలో ఈ రెండును వేరు. కుందేలు పై దవడలో ముందరి కుంతకముల వెనుక మరి రెండు చిన్న కుంతకములుండును. కొండ చించిల్లాకు అవి లేవు. కాని ఆహారమును జీర్ణము చేసికొను పద్ధతిలో రెండును ఒకే తీరువి. రెండింటికిని వచ్చు ఆపద కూడ ఒక్కటియే. పిల్ల మేత మానుటయే ఆ ఆపద.

జీర్ణమగు విధము

గడ్డిలోని పీచుపదార్థమును జీర్ణింపజేయు రసములు ఏ క్షీరదము దేహములోను తయారు కావు. ఆ పనిని సూక్ష్మజీవులు చేయవలెను. ఆవు గేదెలలో ఈ సూక్ష్మజీవులు కడుపులోని మొదటి గదియందుండును. కుందేలులో అవి చిన్నప్రేగు ముగిసి పెద్దప్రేగు మొదలగు చోటనున్న అంధనాళములో నివసించును. ఇది ఒక కొన మూసికొనియున్న పెద్ద సంచి. కడుపులో అధికభాగమును ఇదియే ఆక్రమించును.

ముతక పీచు గట్టి పెంటికలుగా వెలికిపోవును. మెత్తని భాగము అంధనాళములో పులిసి, జిగురుపొర కప్పిన చిన్న గుత్తులుగా బయటికి వచ్చును. కుందేలు వీనిని నేల పడనీయక నేరుగా నోటితో తీసికొని మ్రింగును. సూక్ష్మజీవులు తయారుచేసిన మాంసకృత్తులు, బి విటమినులు దానికి ఇట్లు లభించును. ఇది చూచి వ్యాధియనియో, దురలవాటనియో భ్రమపడరాదు. ఇది ఆవు నెమరువేయుట వంటిదే.

ఈ యంత్రము నడచుటకు ముతక పీచు ఎడతెగక లోనికి పోవుచుండవలెను. ప్రేగులను కదలించునది ఆ పీచే. మేత ఆగినచో కదలిక మందగించును. లోపలి పదార్థము ఎండి గట్టిపడును. హానికరమైన సూక్ష్మజీవులు వృద్ధిపొంది వాయువును పుట్టించును. కడుపుబ్బి నొప్పి కలుగును. నొప్పిచే మేత మరింత తగ్గును. కుందేలు వాంతి చేసికొనలేదు గనుక లోపల చేరినది వెనుకకు వచ్చు దారి లేదు. మనిషి ఒక పూట పస్తున్న ఆకలి మాత్రమే వేయును. కుందేలు పిల్ల పండ్రెండు గంటలు ఏమియు తినకున్న ప్రాణాపాయమే.

పిల్లలకే ఎక్కువ ప్రమాదమేల?

తల్లి కుందేలు దినమునకు సాధారణముగా ఒక్కసారి, కొలది నిముషములు మాత్రమే పాలిచ్చును. ఆ పాలనుండి పిల్ల కడుపులో ఏర్పడు కొన్ని కొవ్వు ఆమ్లములు హానికర సూక్ష్మజీవులను అణచివేయును. పెద్ద కుందేలు కడుపులో ఆ పనిని చేయునది తీక్షణమైన ఆమ్లము. పాలు మానిపించు దినములలో మొదటి రక్షణ తొలగిపోవును. రెండవది ఇంకను పూర్తిగా ఏర్పడదు. సుమారు నాలుగు వారములనుండి ఎనిమిది వారముల వయస్సులో పిల్లలు తరచు విరేచనములతో చనిపోవుటకు ఇది ముఖ్యకారణము. సంతలో పిల్లలను అమ్మునదియు, కొనునదియు సరిగా ఈ వయస్సులోనే. క్రొత్త చోటు, క్రొత్త మేత, ప్రయాణపు బెదురు, ఈ మూడును ఒకేసారి మీద పడును.

గుర్తులు

వ్యాధిపడిన పిల్ల వీపు పైకి వంచి మూలలో కదలక కూర్చుండును. కన్నులు సగము మూయును. పండ్లు గట్టిగా కొరుకును. ఇది నొప్పికి గుర్తు. పెంటికలు చిన్నవై, తరుగుచు, తుదకు ఆగిపోవును. లేదా తోక క్రింద బొచ్చు తడిసి దుర్వాసన వచ్చును. చెవులు చల్లబడును. ఆరోగ్యముగనున్న కుందేలు దేహోష్ణము 38.5నుండి 40 డిగ్రీల సెంటీగ్రేడువరకు నుండును. మనకు జ్వరమనిపించునది దానికి సహజము. చల్లబడిన పిల్లయే ఎక్కువ అపాయములో నున్నదని తెలియవలెను.

నోటినుండి చొంగ కారుచు, మేత దగ్గరకు వచ్చియు తినలేకున్న దంతములను అనుమానింపవలెను. కుందేలు 28 దంతములును జీవితాంతము పెరుగుచునేయుండును. గడ్డి నమలుటచే అవి అరుగును. మెత్తని తిండి మరిగిన పిల్లకు దంతములు వంకరగా పెరిగి నాలుకను, బుగ్గను కోయును.

చేయవలసిన పనులు

మొదట పిల్లను వెచ్చగా నుంచవలెను. సీసాలో వేడినీరు పోసి, గుడ్డ చుట్టి ప్రక్కన పెట్టవచ్చును. వేడి హెచ్చినపుడు తొలగిపోవుటకు చోటుండవలెను. వేసవిలో వడ తగిలి రొప్పుచున్న పిల్లకు దీనికి విరుద్ధముగా చేయవలెను: నీడలోనికి మార్చి, చల్లని నీటితో చెవులను తడుపవలెను. కుందేలు వేడిని ముఖ్యముగా చెవులగుండ వెలిపుచ్చును. మంచునీటిలో ముంచరాదు.

పిమ్మట పశువైద్యునికి చూపవలెను. ఇందులో ఆలస్యము పనికిరాదు. ఏలూరునుండి విజయవాడ పోవు దారిలో గన్నవరమునందు ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల కలదు. కడుపు గట్టిగా ఉబ్బియున్నచో నోట ఏమియు పోయక వెంటనే తీసికొనిపోవలెను. లోపల అడ్డు ఏర్పడియుండవచ్చును. కడుపు మెత్తగా నుండి, పిల్ల తెలివితో నున్నచో, గడ్డితో చేసిన కుందేళ్ళ దాణాను గోరువెచ్చని నీటిలో నానబెట్టి జావగా చేసి, సూదిలేని పిచికారీతో త్రాగింపవచ్చును. కుంతకములకును నమలు పండ్లకును నడుమ ఖాళీయున్నది. పాఠ్యపుస్తకములలో డయాస్టిమా అనునది ఇదియే. పిచికారీ కొనను ప్రక్కనుండి ఆ ఖాళీలో నుంచి, చుక్కచుక్కగా, మ్రింగిన పిదపనే మరల పోయవలెను. త్వరపడినచో ఊపిరితిత్తులలోనికి పోవును. అర కిలో తూగు పిల్లకు ఒక్క పర్యాయమునకు 5 మిల్లీలీటర్లతో మొదలిడి, దినమునకు నాలుగైదు పర్యాయములు ఈయవచ్చును.

చేయరాని పనులు

ఇంటిలో మిగిలిన మాత్రలను పొడిచేసి పోయుట మిక్కిలి ప్రమాదకరము. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులు మనుష్యులకు మేలుచేయును. కుందేలుకు, కొండ చించిల్లాకు వానిని నోటిద్వారా ఇచ్చినచో అంధనాళములోని మంచి సూక్ష్మజీవులు నశించి, క్లాస్ట్రీడియం జాతి సూక్ష్మజీవులు పెరిగి విషమును పుట్టించును. రోగమునకు బదులు మందే చంపును. జాలిపడి బిస్కత్తు, రొట్టె, బెల్లము పెట్టుట కూడ ఇట్టిదే. డెల్టాలో చౌకగా దొరకు నూకలు పిండిపదార్థమే. అంధనాళములో అది హానికర జీవులకు మేతయగును.

కొల్లేటి సీమలో జాగ్రత్తలు

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లపు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు దీనిలో కలియును. అదనపు నీరు ఉప్పుటేరుగుండ సముద్రమునకు పోవును. ఇట్టి తడి నేలలో కాక్సిడియోసిస్ వ్యాధికి అనుకూలత హెచ్చు. ఐమీరియా అను ఏకకణజీవి దీనికి కారణము. పెంటికలతో బయటపడిన దాని కోశములు తడిలో ఒకటినుండి నాలుగు దినములు పరిపక్వమైన పిదపనే మరియొక కుందేలుకు అంటును. కావున దినదినము పెంటికలను తీసివేసినచో వ్యాధిచక్రము తెగును. పంజరపు నేల తీగవలతో నుండి, వలపై ఒక ప్రక్క పాదములకు పలక యుండుట మంచిది. సలసల కాగు నీటితో కడిగి ఎండబెట్టిన కోశములు చచ్చును.

మేతకు గరిక శ్రేష్ఠము. దానిని నీడలో ఆరబెట్టి నిలువచేసికొన్నచో వానకాలమున తడి గడ్డి పెట్టు అవసరముండదు. మందు చల్లిన వరిచేల గట్లమీది గడ్డిని కోయరాదు. కాలువల ఒడ్డున ఊదాపువ్వులు పూచు లొట్టపీసు మొక్క విషము, మేతలో కలియనీయరాదు.

పొలములో దొరకిన చెవులపిల్లి పిల్లను ఇంటికి తెచ్చి పెంచరాదు. అది వేరొక జాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది. కుందేలు పిల్ల కన్నులు మూసికొని, బొచ్చులేక పుట్టును. చెవులపిల్లి పిల్ల బొచ్చుతో, కన్నులు తెరచి పుట్టును. ఒంటరిగా కనబడినంతమాత్రమున తల్లి విడిచినదని తలపరాదు.

కుందేలును పెంచు విద్యార్థి ప్రతిదినము ఒకే వేళకు తూచి, బరువును, పెంటికల తీరును పుస్తకములో వ్రాసికొనవలెను. పిల్ల బరువు నానాటికి పెరుగవలెను. 500 గ్రాముల పిల్ల 50 గ్రాములు తగ్గినచో, అనగా పదవ వంతు కోల్పోయినచో, అది గడ్డు స్థితియే. కుందేలు వేటజంతువులకు ఎరయగు ప్రాణి; బలహీనత కనబడకుండ దాచుట దాని స్వభావము. కంటికి కనబడకమునుపే త్రాసు ఆ సంగతి చెప్పును. సకాలమున తెలిసికొన్న పిల్ల బ్రదుకుట కవకాశము కలదు.