మరక కింద.. మర్మం పైన

పాత అంబాసిడర్‌కు ఆయిలు కారుతుంటే ఇంజన్ దించే ముందు చూసుకోవలసినవి

ఆగిన చోటల్లా నల్లటి మరక పడుతుంటే, "పాత బండి కదా, ఆ మాత్రం కారదా" అని సరిపెట్టుకొనేవారు కొందరు. "వెనక సీలు పోయింది, ఇంజన్ దించాలి" అన్న మాట విని అప్పు కోసం తిరిగేవారు మరికొందరు. రెండూ నష్టమే. మొదటివారి బండి ఏదో ఒకరోజు నడిదారిలో పట్టేస్తుంది. రెండోవారు అరగంటలో తేలే పనికి వేల రూపాయలు పోసుకుంటారు. జాడ దొరక్కుండా పానా పట్టుకోకూడదన్నది చేయి తిరిగిన మెకానిక్కులు చెప్పే మొదటి మాట.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపర కర్మాగారం నుంచి 1958లో రోడ్డెక్కిన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. కొత్త బండి ఇక రాదు. ఉన్న ఇంజన్‌ను కాపాడుకోవడమే దారి. వీటిలో ఏళ్ల తరబడి నడిచింది బ్రిటిష్ నమూనా 1489 సీసీ పెట్రోలు ఇంజన్. అది ఎక్కడెక్కడ కారుతుందో తెలిస్తే సగం పని అయినట్లే.

జాడ పట్టేదెలా?

ఆయిలు పైనుంచి కిందికి జారుతుంది. బండి నడిచేటప్పుడు ఫ్యాను గాలీ, ఎదురుగాలీ దాన్ని వెనక్కి తోస్తాయి. అందుకే ఇంజన్ నెత్తిన పుట్టిన చుక్క కింది ఛాంబరు వెనక అంచున రాలుతుంది. చూసేవారికి వెనక సీలే పోయిందనిపిస్తుంది.

ముందుగా ఇంజన్‌ను పూర్తిగా చల్లారనివ్వాలి. డిస్ట్రిబ్యూటరు, డైనమోల మీద గుడ్డ కప్పి, కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో మడ్డి అంతా కడగాలి. పెట్రోలుతో కడగరాదు. అది నిప్పుతో చెలగాటం. శుభ్రంగా తుడిచి, బాగా ఆరిన తరువాత మూతల అంచుల వెంట ముఖానికి రాసుకొనే పౌడరు పలచగా చల్లాలి. బండిని ఏడెనిమిది కిలోమీటర్లు నడిపి, చదునైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి టార్చిలైటుతో చూడాలి. తెల్లటి పొడి మీద తడి గీత కనిపిస్తుంది. దాన్ని పట్టుకొని పైకి పోతే మొదలు దొరుకుతుంది. రాత్రి బండి కింద పాత అట్ట పరిస్తే, చుక్క ఏ భాగం కింద పడిందీ తెల్లారేసరికి తెలుస్తుంది.

పైనుంచి మొదలుపెట్టాలి

ఇంజన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవరుకు కార్కు ప్యాకింగు ఉంటుంది. వేడికి అది ఎండి పెళుసెక్కుతుంది. అక్కడ కారిన ఆయిలు మానిఫోల్డు మీద పడితే కాలిన వాసన, పొగ వస్తాయి. నిప్పు భయమూ ఉంది. అదే పక్కన మానిఫోల్డు కింద దాగి రెండు చిన్న మూతలుంటాయి. కంటికి ఆనవు కాబట్టి చాలామంది వాటిని చూడనే చూడరు.

ముందు పుల్లీ చుట్టూ ఆయిలు చిమ్మినట్లుంటే అక్కడి సీలు అరిగిందన్నమాట. సీలు మార్చేటప్పుడు పుల్లీ మెడ మీద గాడి పడిందేమో వేలితో తడిమి చూడాలి. గాడి ఉంటే కొత్త సీలూ కారుతుంది.

ఫిల్టరు మార్చిన మర్నాడే కారుడు మొదలైతే పాత రబ్బరు రింగు గాడిలోనే ఉండిపోయిందేమో చూడాలి. దాని మీద కొత్తది వేస్తే అతకదు. ఆయిలు దించే బోల్టు దగ్గర తడి ఉంటే రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది.

బిగిస్తే తగ్గదు

కారుతోందని బోల్టును బలం కొద్దీ బిగించడం మామూలుగా చేసే పొరపాటు. రేకు మూత వంగిపోతుంది. బోల్టు రంధ్రాల దగ్గర గుంట పడి, మధ్యలో సందు వస్తుంది. అప్పుడు ఎన్ని ప్యాకింగులు మార్చినా ఫలితం ఉండదు. మూతను చదునైన ఇనుప దిమ్మె మీద పెట్టి అంచులు సరిచేయాలి. పాత ప్యాకింగు ముక్కలు గీకి, కొత్తది వేసి, బోల్టులన్నీ కొంచెం కొంచెంగా వంతులవారీగా బిగించాలి. జిగురు మందంగా పూస్తే లోపలికి రాలి ఆయిలు జల్లెడకు అడ్డం పడుతుంది.

ఒకేసారి నాలుగు చోట్ల కారుతుంటే ప్యాకింగుల జోలికి పోకముందే ఇంజన్ ఊపిరి తీసే బ్రీదరు గొట్టం చూడాలి. అది మడ్డితో పూడితే లోపలి ఒత్తిడి ఆయిల్ని సందు దొరికిన చోటల్లా బయటికి నెడుతుంది. గొట్టం కడిగితే చాలాసార్లు కారుడు తగ్గుతుంది. కడిగినా ఆయిలు పోసే మూత దగ్గర పొగ బుసబుసా కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగినట్లు. అది వేరే పని.

వెనక సీలు మాట

ఈ పాత 1489 సీసీ ఇంజన్‌కు క్రాంకు వెనక చివర రబ్బరు సీలు పెట్టనేలేదు. తిరిగే గాడి ఒకటి ఆయిల్ని లోపలికి తోస్తుంది. అందువల్ల వాలులో ఆపితే ఒకటి రెండు చుక్కలు రాలవచ్చు. వెనక సీలు మార్చాలన్న వారిని ఏ సీలో చూపమని అడగాలి. క్లచ్ ప్లేటుకు ఆయిలు తగిలి జారుతుంటే మాత్రం విప్పక తప్పదు.

ఇంజన్ కట్టేసిన పది నిమిషాలకు, చదును నేల మీద గేజీ పుల్ల తీసి చూడటం రోజూ చేయాలి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటి పోస్తే కారుడు ఇంకా పెరుగుతుంది. నడిచేటప్పుడు ఆయిలు ఎర్రదీపం వెలిగినా, ముల్లు పడిపోయినా ఊరు దగ్గరే కదా అని లాగరాదు. అక్కడే ఆపాలి. ఫిల్టరు దగ్గరో, ప్రెషరు గొట్టం దగ్గరో పగిలితే ఉన్న ఆయిలంతా చూస్తుండగానే ఖాళీ అవుతుంది.

నేల మీద పడిన ఆయిలు మీద ఊక చల్లి ఎత్తేయాలి. దించిన పాత ఆయిల్ని కాలువలో పారబోయరాదు. పశువులు తాగే నీళ్లకూ, పైరుకూ అది చేటు.

ఒక ప్యాకింగు, ఒక వాషరు, ఒక పూట ఓపిక. వీటితో తీరేదాన్ని ఇంజన్ మార్చేదాకా తెచ్చుకుంటే గోటితో పోయేదానికి గొడ్డలి వెతికినట్లే.